పరిధి దాటిన గోల్

మైలపల్లి నూకరాజు తొమ్మిదేళ్లుగా సముద్రతీర మంచినీటి బోర్డులో వాల్వులు తిప్పుతున్నాడు. తెల్లారేసరికి సైకిలేసుకుని పోయి ఏడు వీధుల వాల్వులు విప్పాలి, పదింటికి కట్టాలి. మధ్యలో ఎక్కడన్నా పైపు పగిలితే గోతిలో దిగి, నడుంలోతు బురదలో నిలబడి అతుకు వెయ్యాలి. ఇంత చేసినా అతను బోర్డు ఉద్యోగి కాడు. దినకూలీ. ఊళ్లో కుళాయి ఉన్న ప్రతి ఇల్లూ అతన్ని పేరు పెట్టి పిలుస్తుంది. బోర్డు కాయితాల్లో మాత్రం ఆ పేరు ఎక్కడా లేదు. మొన్న కూతుర్ని బళ్లో వేసినప్పుడు 'తండ్రి ఉద్యోగం' అన్నచోట మేష్టరు కాసేపు ఆలోచించి ఖాళీ వదిలేశాడు. నూకరాజు ఆ ఖాళీని ఇంటిదాకా మోసుకొచ్చాడు.

వాల్వు తర్వాత అతనికి తెలిసింది బంతి. రేవు పక్క ఇసకలో, కాళ్లకి చెప్పుల్లేకుండా నేర్చిన ఆట. ఇసకలో పరుగెత్తిన కాళ్లకి మైదానం ఒక లెక్కా? బోర్డు జట్టు ఆ ఏడాది పదకొండు గోల్స్ కొడితే పది నూకరాజువి. పదకొండోది ఎదుటివాడు పొరపాటున తన గోల్లోనే కొట్టుకున్నది.

ఆ రోజుల్లో కార్పొరేషన్లకి కొత్త పిచ్చి పట్టింది. దాని పేరు క్రీడా సంస్కృతి. కుళాయిలో నీళ్లు రాకపోయినా ఫర్వాలేదు, ఆఫీసుకో ఫుట్‌బాల్ జట్టు ఉండాలి. బోర్డు మేనేజింగ్ డైరెక్టరు చక్రధరరావు గారు సిబ్బందినందర్నీ ఆవరణలో నిలబెట్టి ప్రకటించారు.

"అంతర్‌సంస్థల కప్పును మన బోర్డు సాధించిన పక్షంలో, జట్టులో పాల్గొన్న దినకూలీల సర్వీసును పర్మినెంటు చేయు విషయము సానుభూతితో పరిశీలించబడును."

ఆ వాక్యంలో నూకరాజుకి వినపడింది ఒక్క మాటే. పర్మినెంటు. పక్కనే నిలబడ్డ అటెండరు దాలయ్య మోచేత్తో పొడిచాడు. దాలయ్యకి యాభై రెండేళ్లు. ఫైళ్లు మొయ్యడంలో పదిహేడేళ్లు గడిచాయి. అతనూ దినకూలీయే.

"ఒరే నూకా, నీ కాలు సల్లగుండాల. నువ్వు గెలిపించినావంటే మా అందరికీ ఓ దారి దొరికినట్టేరా."

"గోలు కొట్టడం నా పని మావా. ఆ కాయితం మీద సంతకం పెట్టడం ఆళ్ల పని. సూద్దారి."

కప్పు గెలవాలంటే ఇంగ్లీషువాడు మేనేజరుగా ఉండాలని ఎవరో ఎక్కించారు. బోర్డు ప్రకటన ఇచ్చింది. ముగ్గురు దరఖాస్తు పెట్టారు, ఇద్దరు ఊరి ఫొటో చూసి మానుకున్నారు. మిగిలినవాడు వచ్చాడు. అతని పేరు డెన్నిస్ క్రాబ్‌ట్రీ. అరవై దాటాయి. దొడ్డికాళ్లు, బీట్‌రూట్ రంగు ముక్కు, చంకలో ఒక పాత కోటు. ఉత్తర ఇంగ్లండులో ఏదో బొగ్గు ఊరివాడట. తన జీవితమంతా ఒక్క కాగితం మీద టైపు చేయించుకుని తెచ్చుకున్నాడు.

ఆ కాగితమే కొంప ముంచింది.

చక్రధరరావు గారు దాన్ని మూడుసార్లు చదివి ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షను జగదాంబ గారిని పిలిపించారు. ఆవిడ సీనియర్ అసిస్టెంటు, ఇరవై ఆరేళ్ల సర్వీసు. బోర్డు రూల్సన్నీ ఆవిడకి నోటికొచ్చు.

"చూశారా జగదాంబ గారూ! పదిహేడో ఏట గోల్‌కీపరుగా చేరాడు. నాలుగేళ్లకి డిఫెండరు. మరో ఏడేళ్లకి మిడ్‌ఫీల్డరు. ముప్పై మూడో ఏట ఫార్వర్డు. ఆ పైన మేనేజరు. ఒక్క మెట్టు తప్పలేదు, ఒక్క మెట్టు ఎగరలేదు. ఎంత చక్కటి పదోన్నతి! అందుకే వాళ్లు ప్రపంచాన్ని ఏలారు."

"సార్, ఆటలో అవి ప్రమోషన్లు కావేమో. ఎవరికి ఏ చోటు నప్పితే…"

"మరేమిటండీ? గోలు దగ్గర వెనకాల మొదలెట్టాడు, ముందుకొచ్చాడు. ముందుకి రావడాన్ని మన భాషలో ఏమంటాం?"

వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. పేరు: 'బోర్డు ఫుట్‌బాల్ (నియామకములు, పదోన్నతులు మరియు తన్నుట) నియమావళి'. దాని సారం ఇది. ముప్పై ఏళ్ల సర్వీసు దాటినవారు ఫార్వర్డులు. ఇరవై దాటినవారు మిడ్‌ఫీల్డు. పది దాటినవారు డిఫెండర్లు. గోల్‌కీపరు పోస్టు అన్నిటికంటే కింది హోదా కనుక దానికి ఏ ఉద్యోగీ ఒప్పుకోలేదు; అది దినకూలీతో తాత్కాలికంగా నింపబడును. బంతి సరైన మార్గం ద్వారానే పైకి పోవలెను. కిందివాడు నేరుగా ఫార్వర్డుకు బంతి పంపరాదు. గోల్ కొట్టు అధికారము ఫార్వర్డు హోదాకు తగ్గని వారికి మాత్రమే కలదు.

మర్నాడు ప్రాక్టీసుకి వచ్చిన నూకరాజుని గోలు కర్రల మధ్య నిలబెట్టారు. అతను పది గోల్స్ కొట్టిన చోట సూపరింటెండెంటు భాస్కరమూర్తి గారు నిలబడ్డారు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు, ప్యాంటు మీద జెర్సీ, చేతిలో రుమాలు.

దొర గుండె పట్టుకున్నాడు. జగదాంబ గారిని వెంటబెట్టుకుని డైరెక్టరు గదిలోకి దూసుకుపోయాడు. అతను ఇంగ్లీషులో గోల పెట్టడం, ఆవిడ శాంతంగా తెలుగులో చెప్పడం.

"సార్, ఈయన అంటున్నారూ… పదిహేడో ఏట గోల్‌కీపరుగా నిలబడింది అసలు గోల్‌కీపరుకి జ్వరమొచ్చినందుకట. రెండు వేళ్లు విరిగాక వెనక ఆడించారట. పరుగు తగ్గాక మధ్యలో పెట్టారట. మోకాలు పూర్తిగా పోయాక, ఎక్కడ తక్కువ పరుగెత్తాలో చూసి ముందుకి తోశారట. రెండేళ్లలో నాలుగు గోల్స్. అందులో ఒకటి వీపుకి తగిలి పోయిందట. దీన్ని చూసి రూల్సు రాయొద్దని బతిమాలుతున్నారు."

చక్రధరరావు గారు కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత పెన్ను తీశారు.

"అంటే మోకాలు పోయినవారికి పదోన్నతిలో ప్రాధాన్యత ఇచ్చారన్నమాట. ఎంత మానవీయమైన దేశమండీ! మనం దీన్ని వదిలేశాం. తొమ్మిదో రూలు కింద చేర్చండి. వైద్య ధ్రువపత్రం జత చెయ్యాలి."

ఆ సాయంత్రానికి భాస్కరమూర్తి గారు రెండు మోకాళ్లకీ ధ్రువపత్రాలు తెచ్చి సీనియర్ ఫార్వర్డు అయ్యారు.

అసలు కష్టం బంతి కదలడంతో మొదలైంది. ఎవరు ఎవరికి పంపారో రేపు ఆడిటులో అడిగితే? అందుకని దాలయ్యని తపాలు పుస్తకంతో మైదానంలోకి దింపారు. గోల్‌కీపరు డిఫెండరుకి బంతి ఇస్తే డిఫెండరు పుస్తకంలో పొట్టి సంతకం పెట్టాలి. డిఫెండరు మిడ్‌ఫీల్డుకి ఇస్తే మళ్లీ సంతకం. వెనక్కి తన్నాలంటే 'పునఃపరిశీలనకై వాపసు' అని కారణం రాయాలి. దాలయ్య పంచె ఎగ్గట్టి బంతి వెనకాల పరుగెత్తలేక ఆయాసపడేవాడు.

"సంతకం ఎట్టండి బాబూ… బంతి ఎల్లిపోతన్నాది బాబూ…"

"ఆగవయ్యా, ఇందులో ముందు వాడి తేదీ లేదు. తేదీ లేకుండా నేనెలా తీసుకుంటాను?"

ఈలోగా ఎదుటి జట్టు ఆరు గోల్స్ కొట్టి ఇంటికి పోయి అన్నం తినొచ్చు. కానీ ఎదుటి జట్లు కొట్టలేదు. ఎందుకంటే మంచినీటి బోర్డు దగ్గర ఇంగ్లీషు పద్ధతి ఉందని తెలియగానే, ఊళ్లో ఉన్న కార్పొరేషన్లన్నీ ఆ నియమావళి నకళ్లు తెప్పించుకున్నాయి. మనకంటే వాళ్లు వెనకబడి ఉంటారా? ఇద్దరు రిటైరుకి దగ్గరపడ్డ పెద్దమనుషులు చెరో వైపు కుర్చీలేసుకుని కూర్చుంటే గోలు ఎలా పడుతుంది? ప్రతి మ్యాచీ సున్నాకి సున్నా. బొమ్మాబొరుసా వేసి గెలుపు తేల్చేవారు. సెమీఫైనల్లో కొబ్బరిపీచు సంస్థవాళ్ల ముగ్గురు ఫార్వర్డులూ ఆట ముందురోజు, నెలాఖరున, కలిసి రిటైరయ్యారు. పై పోస్టులకి పదోన్నతి ఫైలు ఇంకా కదల్లేదు గనక ఆ జట్టు ముందు భాగం ఖాళీ అయి, పోటీ నుంచి తప్పుకుంది.

అలా బోర్డు ఫైనల్‌కి చేరింది. చక్రధరరావు గారు ఛాతీ విరిచి, "పద్ధతి అంటే ఇదీ" అన్నారు.

నూకరాజుకి ఇవేమీ పట్టలేదు. గోలు కర్రల మధ్య నిలబడి మూడు మ్యాచీల్లో ఒక్కసారైనా బంతి ముట్టుకోలేదు. ఫైనల్ పొద్దున మాత్రం బూట్లకి నూనె రాసుకున్నాడు. కూతురు అడిగింది, "నాన్నా, ఇయాల గెలిత్తే బళ్లో ఆ ఖాళీ నింపేత్తారా?" అని. అతను బూటు వైపే చూస్తూ "సూద్దారి" అన్నాడు.

ఫైనల్లో ఎదుటివాళ్లు ఉప్పు కార్పొరేషన్. ఎనభై ఎనిమిది నిమిషాలు గడిచాయి. జనం వేరుశెనగకాయలు తిని, పొట్టు ఊది, కునుకు కూడా తీశారు. అప్పుడు ఉప్పు కార్పొరేషన్ సీనియర్ ఫార్వర్డు రుమాలుతో మొహం తుడుచుకోబోతే ఆయన కాలికి తగిలి బంతి మెల్లగా దొర్లుకుంటూ వచ్చి నూకరాజు పాదాల దగ్గర ఆగింది.

నూకరాజు కుడివైపు చూశాడు. అక్కడ డిఫెండరు పూటసెలవు పెట్టి వెళ్లిపోయాడు. ఎడమవైపు చూశాడు. అక్కడున్నాయన చెయ్యి అడ్డం ఊపాడు.

"నాకెందుకిస్తావయ్యా? అది కుడివైపు సీటు. నా సీటు కాదు."

"బాబూ, రెండు నిమసాలే ఉన్నాది."

"అయితే కుడివైపాయన రేపు వస్తాడు. ఆయనకే ఇయ్యి."

నూకరాజు గీత అవతలకి చూశాడు. అక్కడ దొర ఉన్నాడు. మూడు నెలల్లో ఆ మనిషి నేర్చిన తెలుగు రెండు ముక్కలు. టీ కొట్టులో 'చక్కెర తక్కువ', బస్సులో 'పదపద'. ఆ దొర ఇప్పుడు పాత కోటు నేలకేసి కొట్టి, మొహం ముక్కు రంగులోకి తిరిగేలా అరిచాడు.

"పదపద! పదపద!"

నూకరాజు కదిలాడు.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. గోల్‌కీపరు పరుగెత్తుతున్నాడు! బంతి కాళ్ల మధ్య పెంపుడు కుక్కలా ఆడుతోంది. దాలయ్య తపాలు పుస్తకం విప్పబోయి, మూసేసి, చంకన పెట్టుకుని వెనకాల పరుగెత్తాడు. "ఒరే నూకా! సంతకం అక్కర్లేదు, ఎల్లు!" ఉప్పు కార్పొరేషన్ డిఫెండర్లు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లకి ఫార్వర్డుల్ని ఆపే అధికారమే ఉంది. గోల్‌కీపర్లని ఆపొచ్చో లేదో ఒకాయన జేబులోంచి రూల్సు పుస్తకం తీసి వెతుకుతుండగానే నూకరాజు ఆయన పక్కనించి వెళ్లిపోయాడు. దారిలో సొంత ఫార్వర్డు భాస్కరమూర్తి గారు కుర్చీలోంచి లేచి, "ఏయ్, నా ద్వారా! నా ద్వారా పంపాలి!" అని కేకలేశారు.

అవతల గోల్‌కీపరు కూడా దినకూలీయే. ఉప్పు మడుల్లో కాళ్లు పుళ్లుపడిన కుర్రాడు. అతనికీ ఎవరో ఏదో పరిశీలిస్తామని చెప్పే ఉంటారు. ప్రాణం పెట్టి దూకాడు. తొంభై నిమిషాల్లో ఆ మైదానంలో నిజంగా ఆడింది ఆ ఇద్దరే. బంతి ఆ కుర్రాడి వేలికొసని రాసుకుంటూ కర్రకీ చేతికీ మధ్యనించి లోపల పడింది.

జనం ఒక్కసారి లేచారు. వేరుశెనగ పొట్టు ఆకాశానికి ఎగిరింది. చక్రధరరావు గారు కూడా ఆవేశంలో లేచి రెండు చప్పట్లు కొట్టారు. మూడోది కొట్టబోతుండగా నియమావళి గుర్తొచ్చింది. చేతులు గాలిలో ఆగిపోయాయి.

ఉప్పు కార్పొరేషన్ అక్కడికక్కడే అభ్యంతరం రాసిచ్చింది. పోటీ నిర్వాహకులు కప్పుని బీరువాలో పెట్టి, మంచినీటి బోర్డు అభిప్రాయం కోరారు. మర్నాడు డైరెక్టరు గదిలో విచారణ.

"నువ్వు గోలు కొట్టిన మాట వాస్తవమేనా?"

"అవును బాబూ. ఊరంతా సూసినాది గదా."

"ఎవరి అనుమతితో?"

"బంతి నా కాడికొచ్చినాది. గోలు ఖాళీగా ఔపడినాది. ఇంకేటి అనుమతి బాబూ?"

"ఖాళీగా కనిపిస్తే కొట్టేస్తావా? నా కుర్చీ కూడా మధ్యాహ్నం పూట ఖాళీగా కనిపిస్తుంది."

భాస్కరమూర్తి గారికి దుఃఖం ఆగలేదు. "సార్, ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో నేను కొట్టని గోలు వీడు కొట్టడమా? ఇవాళ గోలు కొడతాడు. రేపు నా బదులు ఫైలు మీద సంతకం పెడతాడు. అప్పుడు నేనెందుకూ?"

ఆ ప్రశ్నకి జవాబు గదిలో అందరికీ తెలుసు.

దొర లేచి ఏదో అన్నాడు. జగదాంబ గారు చెప్పారు. "బంతి గోల్లో పడిందా లేదా, ఆటలో ఇంకో ప్రశ్న లేదంటున్నారు సార్."

"వారి దేశంలో లేకపోవచ్చు. ఇక్కడ ఎవరు వేశారన్నదే ప్రశ్న. ఆయనకి మూడు నెలల నోటీసు ఇవ్వండి. కిందివాణ్ణి 'పదపద' అని ప్రోత్సహించినందుకు."

దొర నవ్వాడు. ఆ నవ్వు ఎందుకో జగదాంబ గారు అడిగితే చెప్పాడు. ఇంగ్లండులో అయిదు జట్లు తనని ఓడిపోయినందుకు తీసేశాయట. గెలిచినందుకు తీసేసిన మొదటి ఘనత మన బోర్డుదట. జగదాంబ గారు దీన్ని తెలుగు చెయ్యలేదు.

చక్రధరరావు గారు తన చేత్తో లేఖ రాశారు. 'మా జట్టు కొట్టిన గోలు అధికార పరిధిని అతిక్రమించినది కావున దానిని రద్దుపరచి, కప్పును ఉప్పు కార్పొరేషన్‌కు అందజేయ ప్రార్థన.' గెలిచినవాడు ఓడించమని వేడుకోవడం చూసి నిర్వాహకులు కూడా తత్తరపడ్డారు. వాళ్లదీ ఆఫీసే కదా. తిరుగు టపాలో జవాబొచ్చింది. గోలు రద్దు చెయ్యాలంటే, కొట్టినవాడిపై క్రమశిక్షణ చర్య తీసుకున్నట్టు సస్పెన్షన్ ఉత్తర్వు నకలు జతపరచవలెను.

"అయితే సస్పెండు చెయ్యండి" అన్నారు డైరెక్టరు.

జగదాంబ గారు కళ్లజోడు సవరించుకున్నారు. "కుదరదు సార్."

"ఎందుక్కుదరదు?"

"సస్పెండు చెయ్యడానికి అతను ఉద్యోగి కాడు. దినకూలీకి క్రమశిక్షణ రూల్సు వర్తించవు. రేపట్నుంచి రావద్దంటే సరిపోతుంది."

"అనేయండి మరి!"

"అనొచ్చు సార్. కానీ దాని మీద ఉత్తర్వు ఉండదు. ఉత్తర్వు లేకపోతే నకలు ఉండదు. నకలు లేకపోతే గోలు రద్దవదు. గోలు ఉంటే…" ఆవిడ భాస్కరమూర్తి గారి వైపు చూసి ఆగారు. "గోలు ఉంటే నియమావళి ఉండదు సార్."

చక్రధరరావు గారి నుదుటి మీద చెమట పట్టింది. "మార్గం చెప్పండి."

"ముందు పర్మినెంటు చెయ్యాలి. తర్వాత సస్పెండు చెయ్యాలి. తప్పు చేసిన నాటికి ఉద్యోగి అయి ఉండాలి గనక, పర్మినెంటు ఆట ముందురోజు నుంచి అమలయ్యేలా ఇవ్వాలి."

జగదాంబ గారి మొహంలో ఒక్క గీత కదల్లేదు. ఇరవై ఆరేళ్లలో ఆవిడ ఎందరి పర్మినెంటు ఫైళ్లో 'పరిశీలనలో ఉంచడమైనది' అని రాసి కట్టారు. ఈ ఫైలు మాత్రం పావుగంటలో ఏడు బల్లలు దాటింది.

పదిన్నరకి ఒక కాగితం, పది ముప్పై అయిదుకి ఇంకో కాగితం. నూకరాజు రెండింటినీ రెండు చేతుల్తో పట్టుకుని జగదాంబ గారి బల్ల ముందు నిలబడ్డాడు.

"అమ్మగోరూ, ఇంతకీ నాను పర్మినెంటయినానా? ఊస్టయినానా?"

"ఊస్టు కాలేదయ్యా. ఉద్యోగివయ్యావు, సస్పెండయ్యావు. విచారణ తేలేదాకా సగం జీతం ఇస్తారు. ఆ సగం నీ కూలీ కంటే ఎక్కువే."

"ఇసారణ ఎప్పుడు తేలుద్ది?"

"ముందు కమిటీ వెయ్యాలి. కమిటీకి గది కావాలి. నీ కూతురి పెళ్లి చెయ్యడానికైనా తీరిక దొరుకుతుందిలే."

నూకరాజు ఆ కాగితాలు మడవబోయి ఆగాడు. "బళ్లో ఆ ఖాళీలో ఏటి రాయించాల?"

"మంచినీటి బోర్డు ఉద్యోగి అని రాయించు. సస్పెన్షన్ సంగతి ఆ ఫారంలో అడగరు."

అతను నవ్వలేదు. కొట్టిన గోలు పోయింది, కప్పు పోయింది. తొమ్మిదేళ్లు గోతుల్లో దిగి వేసిన అతుకులకి రాని ఉద్యోగం, చెయ్యని నేరానికి వచ్చింది. బయటికొచ్చి గేటు పక్క పిట్టగోడ మీద కూర్చున్నాడు. సస్పెండయినవాడు లోపల ఉండకూడదు కదా.

సంగతి ఊరంతా పాకడానికి ఒక్క రోజు చాలింది. సోమవారం పొద్దున్న ఆఫీసు తెరిచేసరికి గేటు ముందు మూడొందల మంది. వాల్వులవాళ్లు, గోతులవాళ్లు, పంపుహౌసులవాళ్లు, ట్యాంకర్ల మీద వేలాడేవాళ్లు, మురుగు తీసేవాళ్లు. పదేళ్లవాళ్లు, పన్నెండేళ్లవాళ్లు. కొందరికి బూట్లున్నాయి, ఎక్కువమందికి లేవు. మధ్యలో నోటీసు కాలం ఇంకా మిగిలున్న దొర, మెళ్లో ఈల, కాలి కింద బంతి.

డైరెక్టరు మేడమీద కిటికీ తెరిచారు. "ఏమిటిది? సమ్మెనా?"

"కాదు బాబూ," కింద నుంచి ఒక ఆడమనిషి గొంతు. "పని బాగా సేత్తే మీరు సూడ్నేదు. తప్పు సేత్తే సూత్తారట. మేం ఏటి తప్పు సెయ్యాలో సెప్పండి, సేసేసి ఎల్లిపోతాం."

"గోలు కొడితే సరిపోద్దా, ఇంకేటన్నా కావాలా?" ఇంకొకడు.

"ఆపండి! ఆటకి నా అనుమతి లేదు!"

మూడొందల మంది ఒక్కసారి సంతోషంగా అరిచారు. అనుమతి లేకపోవడమే కదా వాళ్లకి కావలసింది.

చక్రధరరావు గారు నాలుక కరుచుకుని వెనక్కి తిరిగారు. "దాలయ్యా! వెళ్లి ఆ బంతి జప్తు చేసి తీసుకురా!"

దాలయ్య తపాలు పుస్తకం బల్ల మీద పెట్టాడు. మెట్లు దిగాడు. జనం పక్కకి తప్పుకున్నారు. పిట్టగోడ మీద నూకరాజు లేచి నిలబడ్డాడు. దొర కాలు తీసి బంతి వదిలేశాడు. దాలయ్య వంగి బంతిని రెండు చేతుల్లోకి తీసుకుని, పదిహేడేళ్లు ఫైళ్లు మోసినట్టే గుండెకి ఆనించుకున్నాడు. వెనక్కి తిరిగి పైకి చూశాడు. కిటికీ తెరిచే ఉంది. దాని నలుచదరపు చట్రం మధ్యలో డైరెక్టరు గారు నిలబడి చెయ్యి ఊపుతున్నారు.

"మావా," అన్నాడు నూకరాజు, "బొటనేలితో కాదు. పాదం పక్కన తగలాల."

దాలయ్య బంతిని నేల మీద పెట్టాడు. పంచె ఎగ్గట్టాడు. నాలుగడుగులు వెనక్కి వేశాడు.